పాత చేతులు, బయటి గొంతు

కరీంనగర్, హన్మకొండల్లోని ఫోక్ సాంగ్ స్టూడియోలకు చాలా పాటలు వాట్సాప్‌లోనే వస్తాయి. పాట కట్టిన మనిషి పొలం గట్టు మీదనో, బస్సులో కిటికీ పక్కనో కూర్చుని ఫోన్‌లో పాడి పంపుతాడు. శృతిపెట్టె ఉండదు, తాళం ఉండదు. వెనక ట్రాక్టర్ చప్పుడు మాత్రం ఉంటుంది. స్టూడియోలో కీబోర్డ్ ముందు కూర్చున్నతను ఆ వాయిస్‌ను నాలుగైదు సార్లు విని, ఏ శృతిలో ఉందో పట్టుకుని, కింద దరువు వేయడం మొదలుపెడతాడు. గొంతు ముందు, ట్రాక్ తర్వాత. ఇదొక పద్ధతి అని ఎవరూ అనుకోరు, దానికి పేరు కూడా ఎవరూ పెట్టలేదు.

2022 మార్చి 30న పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటన్ రాక్ బ్యాండ్ చేసిన పని కూడా దాదాపు ఇదే. అప్పటికి ఆ బ్యాండ్ పేరుతో పూర్తిగా కొత్త పాట వచ్చి 28 ఏళ్లయింది. 1994 తర్వాత 2014లో ఒక ఆల్బమ్ వచ్చింది కానీ, అందులో ఎక్కువ భాగం 1993-94 నాటి సెషన్లలో మిగిలిపోయిన సంగీతమే. కీబోర్డ్ వాయించే రిచర్డ్ రైట్ 2008లో చనిపోయాడు. ఇక బ్యాండ్ ముగిసినట్టేనని గిటారిస్ట్ డేవిడ్ గిల్మోరే చాలాసార్లు చెప్పాడు. అలాంటి బ్యాండ్‌ను మళ్లీ స్టూడియోలోకి రప్పించింది ఒక ఇన్‌స్టాగ్రామ్ వీడియో. ఉక్రెయిన్‌లో బూమ్‌బాక్స్ అనే బ్యాండ్ ఉంది. దాని గాయకుడు ఆండ్రీ ఖ్లివ్‌న్యూక్ అమెరికాలో కచేరీల మధ్యలో ఉండగా యుద్ధం మొదలైంది. అతను టూర్ వదిలేసి ఇంటికి వెళ్లి, సైనిక దుస్తుల్లో, భుజానికి తుపాకీతో కీవ్‌లోని సెయింట్ సోఫియా చర్చి ముందు చౌక్‌లో నిలబడి ఒక పాట పాడాడు. 1914 నాటి పోరాట గీతం అది. వాయిద్యం ఒక్కటీ లేదు.

గిల్మోర్ కోడలు ఉక్రెయిన్ అమ్మాయి. 2015లో లండన్‌లో జరిగిన ఒక కచేరీలో బూమ్‌బాక్స్ వాళ్లతో అతను కలిసి వాయించాడు కూడా. ఆ వీడియో చూశాక డ్రమ్మర్ నిక్ మేసన్‌ను పిలిచాడు. బాస్ గిటార్‌కు గై ప్రాట్, కీబోర్డ్‌కు నితిన్ సాహ్నీ వచ్చారు. మొదట్లో వినిపించే కోరస్‌ను ఒక ఉక్రెయిన్ జానపద బృందం రికార్డింగ్ నుంచి తీసుకున్నారు. ‘హే హే రైజ్ అప్’ అనే ఆ సింగిల్ (ఆల్బమ్ లేకుండా విడిగా వేసే ఒక్క పాట) ఏప్రిల్ 8న బయటికొచ్చింది. రికార్డింగ్‌కు, విడుదలకు మధ్య పట్టుమని పది రోజులు లేవు. పాట నిడివి మూడున్నర నిమిషాలు.

ఇక్కడ మూడున్నర నిమిషాలన్న లెక్కే అసలు ఆశ్చర్యం. ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ అంటేనే పాటను సాగదీసే బ్యాండ్. 1960ల చివర, 70ల మొదట్లో బ్రిటన్‌లో పెరిగిన ఈ ధోరణికి పల్లవి-చరణం లెక్క సరిపోలేదు. ఎల్పీ రికార్డులో ఒక వైపంతా ఒకే పాట, మధ్యలో నాలుగు సార్లు తాళం మారడం, కీబోర్డ్‌కొక అధ్యాయం, గిటార్‌కొక అధ్యాయం. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’లో ఎనిమిది నిమిషాలు దాటాకే గొంతు వినబడుతుంది. యెస్ అనే బ్యాండ్ 1973లో నాలుగే పాటలతో డబుల్ ఆల్బమ్ వేసింది. దాని వెనకున్న ఆలోచన పరమహంస యోగానంద ఆత్మకథలో శాస్త్రాల గురించిన ఒక ఫుట్‌నోట్‌లోంచి పుట్టింది. పుస్తకంలో అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న మాట ఎనభై నిమిషాల సంగీతమైంది. ఆ కాలపు ధోరణి అలాంటిది.

ఉత్తర తెలంగాణ వాళ్లకు ఈ నిడివి కొత్తేమీ కాదు. ఐనవోలు మల్లన్న జాతరలోనో, కొమురవెల్లిలోనో ఒగ్గు కథ రాత్రంతా విన్నవాళ్లకు ఇరవై నిమిషాల పాట ఒక లెక్కా! కథ నడుస్తుంటుంది, వంత పాడేవాళ్లు అందుకుంటుంటారు, మధ్యలో హాస్యం వస్తుంది, డోలు దరువు మారితే సన్నివేశం మారినట్టు. పాట, మాట, ఆట అన్నీ ఒకే తాడు మీద నడుస్తాయి. ప్రోగ్రెసివ్ రాక్‌ను మనవాళ్లకు పరిచయం చేయాలంటే వెస్ట్రన్ క్లాసికల్ కంటే ఒగ్గు కథే దగ్గరి దారి. అయితే ఒగ్గు కథను మూడున్నర నిమిషాల్లో చెప్పమంటే ఏమవుతుందో, ప్రోగ్రెసివ్ బ్యాండ్‌ను సింగిల్ చేయమంటే అదే అవుతుంది. ఏది తీసేయాలో ఎవరికీ తెలియదు.

ఈ చిక్కును తప్పించుకున్న బ్యాండ్లలో అందరికంటే ముందు చెప్పుకోవాల్సింది యెస్ గురించే. 1981 నాటికి ఆ బ్యాండ్ చెదిరిపోయింది. గిటారిస్ట్ స్టీవ్ హౌ వేరే బ్యాండ్‌కు వెళ్లిపోయాడు. మిగిలిన క్రిస్ స్క్వైర్, ఆలన్ వైట్‌లు దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ట్రెవర్ రాబిన్ అనే యువకుడితో కలిసి ‘సినిమా’ అనే పేరుతో కొత్త బ్యాండ్ మొదలుపెట్టారు. పాత కీబోర్డ్ ప్లేయర్ టోనీ కేయ్ కూడా వచ్చాడు. రాబిన్ దగ్గర సొంతంగా చేసుకున్న డెమో టేపులున్నాయి. వాటిలోని ఒక పాటను పట్టుకున్నది నిర్మాత ట్రెవర్ హార్న్. ఇతను 1980లో కొన్నాళ్లు యెస్‌కే గాయకుడిగా ఉన్నాడు, ఆ తర్వాత పాడటం మాని రికార్డులు చేయించే పనిలోకి దిగాడు. ఇంట్లో కొన్నాళ్లు కాపురం చేసి బయటికొచ్చిన మనిషికి ఆ ఇంటి గోడలు ఎక్కడ బీటలు వారాయో బాగా తెలుస్తుంది.

ఆ పాటే ‘ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్’. చరణాల్లో మాటలు మార్చారు. పాత ఫంక్ రికార్డులోంచి ఒక డ్రమ్స్ ముక్కను శాంప్లింగ్ మిషన్‌లోకి ఎక్కించి, పాట మధ్యలో అక్కడక్కడా విసిరినట్టు పెట్టారు. ఇప్పుడు మన డీజే పాటల్లో ప్యాడ్ మీద డప్పు శాంపిల్ కొట్టినంత మామూలు పని అది. 1983లో మాత్రం రాక్ బ్యాండ్ల చెవికి అది వింత. సంగీతం దాదాపు పూర్తయ్యాక పాత గాయకుడు జాన్ ఆండర్సన్‌కు ఆ టేపులు వినిపించారు. అతను వచ్చి పాడాడు. అతని గొంతు పడ్డాక అది వినడానికి ‘సినిమా’ బ్యాండ్‌లా లేదు, యెస్‌లా ఉంది. పేరు మళ్లీ యెస్ అయింది. 1984 జనవరిలో ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో రెండు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అమెరికాలో వాళ్లకు మొదటి స్థానం దక్కడం అదొక్కసారే.

రెండు పాటల మధ్య 38 ఏళ్ల దూరం. ఒకదానికి నెలలు పట్టింది, ఇంకోదానికి రోజులు. ఒకదాంట్లో గొంతు చివరికొచ్చింది, ఇంకోదాంట్లో గొంతే మొదలు. అయినా రెండింట్లోనూ పాటకు విత్తనం పాత ఇంట్లోది కాదు. ఒకటి కొత్తగా వచ్చిన కుర్రాడి డెమో, ఇంకొకటి యుద్ధంలో ఉన్న మనిషి ఫోన్ వీడియో. పాతవాళ్లు కూర్చుని ‘మనం మళ్లీ మనలాగే ఒక పాట చేద్దాం’ అనుకున్నందుకు పుట్టినవి కావు ఇవి.

కారణం ఊహించడం కష్టమేం కాదు. ఇరవై నిమిషాల పాటలో అందరికీ చోటుంటుంది. నాలుగు నిమిషాల పాట నాలుగు గుంటల జాగా లాంటిది. నలుగురు అన్నదమ్ములు పంచుకోవడానికి కూర్చుంటే కీబోర్డ్‌కొక గుంట, గిటార్‌కొక గుంట అని గీతలు గీసుకుంటారు. చివరికి ఎవరికీ ఇల్లు కట్టుకునేంత జాగా మిగలదు. పాట బయటినుంచి వచ్చినప్పుడు మాత్రం అది ఎవరి వాటా కాదు. దాన్ని నిలబెట్టడానికి ఎవరి చెయ్యి ఎక్కడ అవసరమో అక్కడే పెడతారు. పింక్ ఫ్లాయిడ్ పాటలో పాత గుర్తు ఒక్క గిటార్ సోలోలోనే పూర్తిగా కనిపిస్తుంది. యెస్ పాటలో ఆ గుర్తు ఆండర్సన్ గొంతు, దాని చుట్టూ ఉన్న కోరస్. మిగతాదంతా కొత్తే. ఒక్క గుర్తు గట్టిగా ఉంటే వినేవాళ్లు మిగతాది సర్దుకుంటారన్నమాట. సర్దుకోని పాత అభిమానులు ఎప్పుడూ కొందరుంటారు, వాళ్ల కోసం పాట చేస్తే వాళ్లే వింటారు.

ఇది మన దగ్గర జరిగితే ఎలా ఉంటుంది? వరంగల్‌లో రాక్ బ్యాండ్ అంటే ఎక్కువగా కాలేజీ బ్యాండే. నిట్ క్యాంపస్‌లో జరిగే స్ప్రింగ్‌స్ప్రీ అనే కాలేజీ పండుగ వేదిక మీద మొదలై, ఫైనల్ ఇయర్ ప్లేస్‌మెంట్లతో ముగిసిపోయే కథ. ఒకరు బెంగళూరు, ఒకరు హైదరాబాద్, ఒకరు దేశమే దాటతారు. ఒక లెక్కకు, అలాంటి బ్యాండ్ పదేళ్ల తర్వాత మళ్లీ ఒక పాట చేయాలనుకుందనుకుందాం. వాళ్ల దగ్గరికొచ్చిన విత్తనం పరకాల వైపు ఒక పొలంలో ఫోన్‌తో తీసిన నాట్ల పాట అనుకుందాం. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు నడుం వంచి నారు పెడుతూ అందుకుంటారు. నీళ్లలో అడుగుల చప్పుడు, మధ్యలో ఎవరిదో నవ్వు.

మొదటి తలనొప్పి వేగం. క్లిక్, అంటే వేగం తప్పకుండా చెవిలో మోగే టిక్ టిక్ చప్పుడు, పెట్టుకుని పాడిన పాట కాదది. నిమిషానికి 84 దెబ్బల దగ్గర మొదలై, పాట ముదిరేసరికి 92కు చేరుతుందనుకుందాం. సాఫ్ట్‌వేర్‌తో గొంతును సాగదీసి, కుదించి ఒకే వేగానికి కట్టేయొచ్చు. సులువైన దారి, చాలామంది చేసేది కూడా ఇదే. కానీ అలా చేస్తే పాటలో పని పోతుంది. నారు చేతికి అందినప్పుడు వేగం, కట్ట అయిపోయినప్పుడు ఆలస్యం, అవన్నీ గొంతులోనే ఉన్నాయి. ఇంకో దారి క్లిక్‌నే గొంతు వెంట నడిపించడం. గొంతు వింటూ ప్రతి దెబ్బ ఎక్కడ పడుతుందో చేత్తో గుర్తులు పెట్టుకుంటూ వెళ్లాలి. మూడు నిమిషాల పాటకు 260 పైచిలుకు గుర్తులు. ఒక రాత్రి పని. ఆ తర్వాత డ్రమ్స్, బాస్ ఆ గుర్తులను పట్టుకుని ఊగుతాయి. రెండో దారి పట్టిన పాట వింటే బ్యాండ్ ఆమె వెనకాల గట్టు మీద నడుస్తున్నట్టుంటుంది. మొదటి దారి పట్టిన పాటలో ఆమె బ్యాండ్ ముందు నిలబడి పరీక్ష రాస్తున్నట్టుంటుంది.

బతుకమ్మ పాటకు ఈ బాధ తక్కువ. వేయి స్తంభాల గుడి దగ్గర వందలమంది ఒకే చప్పట్లతో తిరుగుతుంటే క్లిక్ వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. నాట్ల పాటలో దాన్ని వెతుక్కోవాలి.

ప్రోగ్రెసివ్ బ్యాండ్‌కు ఇక్కడ ఒక ఆశ పుడుతుంది. ఆమె ప్రతి రెండో వరుస చివర కాస్త ఆగుతుంది, లెక్కపెడితే ఏడు వస్తుంది. తకిట తకధిమి, మిశ్రచాపు! ఏడు దెబ్బల తాళమంటే ఈ తరహా బ్యాండ్లకు బెల్లం ముక్క దొరికినట్టే. పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ నడిచేది ఏడులోనే. గిటార్ సోలో వచ్చేసరికి దాన్ని నాలుగులోకి మార్చారు, సోలోకు ఊపిరాడాలని. అయితే నాట్ల పాట పాడినామె ఏడు లెక్కపెట్టలేదు. నడుం నిటారు చేసుకుని ఊపిరి పీల్చుకుంది. పాటంతా ఏడులో బిగిస్తే ఆ ఊపిరి కాస్తా గణితమవుతుంది. ఆమె ఆగిన చోట్ల మాత్రమే ఏడు రానిచ్చి, మిగతా చోట్ల నాలుగులో వదిలేయడం మంచిది. వినేవాళ్లు తాళం మారిందని గుర్తించకపోతే ఆ పని బాగా జరిగినట్టు.

తర్వాత శృతి. వాయిద్యం తోడు లేని గొంతు తన శృతి తనే పెట్టుకుంటుంది. నాలుగు శృతికీ నాలుగున్నర శృతికీ మధ్య ఎక్కడో ఉంటుంది, పాట చివరికి కాస్త జారుతుంది కూడా. గొంతును మిషన్‌తో లాగే బదులు గిటార్ తీగలనే ఆమె దగ్గరికి తిప్పుకోవచ్చు, కీబోర్డ్‌లో ట్యూనింగ్ మార్చుకోవచ్చు. హార్మోనియం మాత్రం మాట వినదు. దాన్ని ఈ పాటకు పక్కన పెట్టడమే నయం.

అసలు సృష్టి జరిగేది కార్డ్స్ దగ్గర, అంటే పాట కింద కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించే చోట. మన జానపదాల్లో చాలా వాటికి నాలుగైదు స్వరాలే ఉంటాయి. గాయకులు, డప్పు, డోలు, ఇంతే. కింద కార్డ్ అనేది లేదు కాబట్టి, ఏది పెట్టినా అది కొత్తగా పెట్టినదే. ఆమె ఒకే స్వరం మీద నాలుగు మాటలు పాడిందనుకుందాం, అది ఈ అనే స్వరం. కింద సీ మేజర్ వేస్తే వెలుతురుగా ఉంటుంది. ఏ మైనర్ వేస్తే అదే స్వరం, అదే గొంతు దిగులుగా మారిపోతుంది. ఎఫ్ వేస్తే ఏదో తేలకుండా గాలిలో ఆగినట్టుంటుంది. ఆమె ఏమీ మార్చలేదు, అర్థం మారింది. పొలంలో నవ్వుతూ పాడిన మనిషిని స్టూడియోలో ఏడిపించే అధికారం కీబోర్డ్ ముందున్న మనిషి చేతిలోకి వచ్చేస్తుంది. రైతు కూలీ అనగానే మైనర్ కార్డ్ అందుకునే అలవాటు మన సంగీతంలో బాగా పాతుకుపోయింది. రికార్డింగ్‌లో ఆ నవ్వు వినబడుతూనే ఉంది కదా, కనీసం దానికోసమైనా ఆ అలవాటు మానుకోవాలి.

లేనిదాన్ని ఊహించి కట్టడం ఓరుగల్లుకు కొత్త కాదు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టినప్పుడు ఆయనకు దొరికినవి రామప్ప గుడి శిల్పాలు, గణపతిదేవుడి సేనాని జాయప రాసిన నృత్త రత్నావళి. శిల్పం భంగిమ చూపిస్తుంది, ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు ఎంత వేగంగా వెళ్లాలో చెప్పదు. ఫోన్‌లో దొరికిన గొంతుది తిరగేసిన కథ: వేగం ఉంది, చుట్టూ ఉండాల్సిన ఒళ్లు లేదు.

ఇక బ్యాండ్ తన గుర్తు వేయాలి. ఎక్కడ? గిటారిస్ట్, కీబోర్డ్ ప్లేయర్ ఇద్దరూ పదేళ్లుగా చేతులు దురద పెట్టుకుని ఉంటారు. ఒక్కరికే చోటు. రెండో చరణం అయ్యాక నలభై సెకన్ల సోలో, అదీ ఆమె పాడిన వరుసనే పట్టుకుని మొదలై, తర్వాత విడిపోవాలి. రెండో మనిషి పాటంతా కనబడకుండా మోయాలి. ఏ కమ్‌బ్యాక్‌లోనైనా గొడవ వచ్చేది ఇక్కడే, సంగీతం దగ్గర కాదు.

నిడివి విషయంలో స్ట్రీమింగ్ నిర్దయగా ఉంటుంది. స్పాటిఫైలో కనీసం 30 సెకన్లు వింటేనే ఒక ప్లేగా లెక్క. ఎనిమిది నిమిషాల ఉపోద్ఘాతంతో మొదలుపెడితే పాట రాకముందే జనం వెళ్లిపోతారు. మొదటి సెకనులోనే గొంతు ఉండాలి. తొమ్మిది నిమిషాల వెర్షన్ కావాలనుకుంటే అది తర్వాత వేరుగా వేసుకోవచ్చు. మిక్సింగ్‌లో ఒక్క జాగ్రత్త: ఫోన్ గొంతుకు అడుగున బరువు ఉండదు కాబట్టి, చుట్టూ వాయిద్యాలను మరీ నిగనిగలాడేలా చేస్తే ఆమె బీదగా వినబడుతుంది. నీళ్ల చప్పుడును పూర్తిగా తీసేయకుండా కొంచెం ఉంచితే ఆమె నిలబడిన చోటు ఉంటుంది.

అనుమతి మాట చాలామంది చివరికి వదిలేస్తారు, ముందే తేల్చుకోవాల్సిన పని అది. గిల్మోర్ ఖ్లివ్‌న్యూక్‌తో ఫోన్‌లో మాట్లాడేసరికి అతను గాయపడి ఆసుపత్రిలో ఉన్నాడు. పాటలో కొంత వినిపించి ఒప్పుకోలు తీసుకున్నాకే విడుదల చేశారు. వచ్చిన డబ్బు ఉక్రెయిన్ సహాయానికి అన్నారు. మన యూట్యూబ్ ఫోక్ పాటల కింద ‘సేకరణ’ అనే ఒక్క మాట కనిపిస్తుంటుంది. ఎవరి దగ్గర సేకరించారో ఉండదు. పాట తరాల నాటిది, దానికి యజమాని లేడు అనేది నిజమే కావచ్చు. కానీ ఆ రోజు ఆ గొంతు పాడినామెది. భారత కాపీరైట్ చట్టంలో కళాకారుల ప్రదర్శనకు విడిగా 50 ఏళ్ల హక్కు ఉంది. ఆమె పేరు గాయనిగా పైన పడాలి, బ్యాండ్ పేరు పక్కన. డబ్బు వాటా కాగితం మీద రాసుకోవాలి. ఆమె వేలిముద్ర వేసే మనిషైతే, కాగితంలో ఏముందో చదివి వినిపించే మనిషిని బ్యాండ్ కాకుండా ఆమే తెచ్చుకోవాలి.

పాట బయటికొచ్చి నలుగురూ విన్నాక, హన్మకొండలో ఏదో వేదిక మీద వాయించమని పిలుపు వస్తుంది. రికార్డింగ్ గొంతును స్పీకర్‌లో వేసి వాయిస్తే, చేత్తో పెట్టిన ఆ 260 గుర్తులూ డ్రమ్మర్ చెవిలో మోగుతాయి, తప్పు జరగదు. ఆమెనే పిలిచి పాడిస్తే ఆ గుర్తులు ఒక్కటీ పనికిరావు. ఆమె ఆ రోజు ఇంకో వేగంతో ఎత్తుకుంటుంది, ఇంకోచోట ఆగుతుంది. డ్రమ్మర్ హెడ్‌ఫోన్స్ తీసేసి, ఒగ్గు కథలో డోలు కొట్టేవాళ్లలా ఆమె నోటి వైపు చూస్తూ వాయించాలి.